సున్నా పడని సంఖ్య

73939133.

చూశారు కదా? ఏం చూశారో చెప్పండి. తల గోక్కోనక్కర్లేదు, దీనికి పెద్ద చదువేం వద్దు. ఎనిమిది అంకెలు చూశామంటారు. అంతేనా? అయితే బొటనవేలితో చివరి మూడుని మూసేయండి. ఏం మిగిలింది? 7393913. ఇంకో అంకె మూయండి. ఇంకోటి. అలా ఒక్కొక్కటే మూసుకుంటూ మొదటి ఏడు దాకా రండి. పోయిన అంకెల కోసం ఆ సంఖ్య ఎక్కడైనా కుంగిందా? ఎక్కడైనా వంగిందా? లేదు. ఎక్కడ కోసినా, మిగిలింది నిటారుగానే నిలబడుతుంది. ఒకటితో తప్ప, తనతో తాను తప్ప, దేనితో భాగించినా నిశ్శేషంగా పోదు. మొత్తం ఉన్నా అంతే, ఒక అంకె పోయినా అంతే, ఏడంకెలు పోయినా అంతే.

ఇలాంటివాటిని బడిలో ప్రధాన సంఖ్యలంటారు. అవి బోలెడున్నాయి, అందులో వింత లేదు. కానీ చివర్నుంచి ఎన్ని అంకెలు కోసినా ప్రధాన సంఖ్యగానే మిగిలేవి వందలోపే ఉన్నాయి. వాటన్నిటిలోకీ పెద్దది ఇదే. దీని పక్కన తొమ్మిదో అంకె ఏది పెట్టినా విరిగిపోతుంది.

లెక్కల మాస్టర్లకి ఇది ముచ్చటగా ఉంటుంది. ఉండనివ్వండి. ఎనిమిది కుర్చీల్లో ఎనిమిదిమంది ఆడవాళ్ళు కూర్చుని దీన్ని చేత్తో భాగించిన సంగతి వాళ్ళకి తెలీదు.

ఒక పాత మేడ రెండో అంతస్తులో లెక్కల గది ఉండేది. భాజకాల పట్టికల పుస్తకం అచ్చుకి తయారవుతున్న రోజులు. ఏ సంఖ్యని ఏది భాగిస్తుందో, దేన్ని ఏదీ భాగించదో వరసగా చూపించే పుస్తకమది. యంత్రాలు ఇంకా ఆ గది దాకా రాలేదు. ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చారు.

గది పొడుగునా ఒకటే బల్ల. బల్ల పొడుగునా వేలు వెడల్పున ఒక గాడి. గాడి వెంబడి ఎనిమిది కుర్చీలు. సంఖ్య రాగానే ఒక్కొక్క అంకెనీ ఒక్కొక్క అట్టముక్క మీద రాసి ఒక్కొక్కరి ముందు నిలబెట్టేవారు. ఇక భాగారం గొలుసులా నడిచేది. మొదటి కుర్చీ ఆవిడ పెట్టెలోంచి ఒక భాజకం తీసి పైకి చదువుతుంది. పదకొండు అనుకోండి. తన ముందున్నది ఏడు. ఏడులో పదకొండు లేదు, మిగిలింది ఏడే. చీటీ మీద ఏడు రాసి గాడిలో కుడివైపుకి తోస్తుంది. రెండో ఆవిడ ఆ ఏడు పక్కన తన మూడు పెట్టుకుంటుంది. డెబ్బై మూడు. పదకొండార్లు అరవై ఆరు పోగా ఏడు. ఆ ఏడుని మూడో ఆవిడకి తోస్తుంది. అలా తోసుకుంటూ పోతే ఎనిమిదో కుర్చీ దగ్గర చివరి శేషం తేలుతుంది. నాలుగు. ఎనిమిదో ఆవిడ ఆ నాలుగుని పైకి అరిచి చెప్పాలి. ఎదురుగా కూర్చున్న సూపర్‌వైజరు రాసుకుంటాడు.

సున్నా పడిందో, ఆయన బల్ల మీది గంట కొడతాడు. ఆ సంఖ్య పని అయిపోయినట్టే. అందుకే ఆయన్ని వెనకాల అందరూ గంట అనేవాళ్ళు.

మొదటి కుర్చీ పెద్దక్కది. గదిలో అందరికీ ఆవిడ పెద్దక్కే, కానీ నాలుగో కుర్చీలో ఉన్న చిట్టికి మాత్రం తోడబుట్టిన అక్క. తల్లి పోయేనాటికి చిట్టికి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ తల దువ్విందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ, ఎక్కాలు నేర్పిందీ పెద్దక్కే. ఆ కుర్చీ కూడా తనే పోట్లాడి ఇప్పించింది. ఉత్తినే రాలేదది. వెనక ఆనుకునే పలకలున్న కుర్చీలు కావాలని ఆ ఆడవాళ్ళు ఒకసారి పదకొండు రోజులు పని మానేశారు. అప్పుడు పెద్దక్క గంట ముందు నిలబడి ఒక్క మాటే చెప్పింది.

"మాలో ఒక్కరు లేకపోయినా మీ లెక్క తప్పు సార్. కావాలంటే ఒక్కరోజు చేసి చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. నిజమే. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే పూటలోపల ఎక్కడో ఒకచోట పడకూడని సున్నా పడేది. గంట కొట్టేవాడు, తిరగేసి చూసేవాడు, తప్పు దొరికేది, తల పట్టుకునేవాడు. కుర్చీలొచ్చాయి. వాటితోపాటే చిట్టి ఉద్యోగమూ వచ్చింది. ఆడవాళ్ళ బలమంతా అదే మరి. ఒకరిని తీస్తే పని కుంటుపడాలి. పడకపోతే మనిషికి విలువెక్కడిది?

ఆ సంఖ్య ఒక వానాకాలపు పొద్దున వచ్చింది. విడిగా ఒక కాయితం మీద, ఎవరి సంతకమూ లేకుండా. దాన్ని పెద్దక్క ముందు బల్లకి అంటించారు. ఆవిడ పైకి చదివింది. "ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు."

"ముప్ఫై తొమ్మిది లక్షలా, మళ్ళీ ముప్ఫై తొమ్మిది వేలా!" అంది ఐదో కుర్చీలో ఉన్న కోడలు. అత్తగారి మీద చాడీలు చెప్పకుండా ఆమెకి పూట గడవదు, అందుకే ఆ పేరు. "అచ్చం మా అత్తగారే. ఒక్క మాట ఒక్కసారంటే తృప్తుండదు ఆవిడకి."

"వాగింది చాలు గానీ పని చూడవే," అంది పెద్దక్క.

భాజకాలు వెయ్యికి పైగా ఉన్నాయి. రెండుతో మొదలుపెట్టి ఎనిమిది వేల ఐదు వందల తొంభై ఏడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ. ఆపైన దేని వర్గమైనా ఈ సంఖ్యని దాటిపోతుంది, చూడక్కర్లేదు. రోజుకి నూట ముప్ఫై నాలుగు చీటీల చొప్పున ఎనిమిది రోజుల పని.

మొదటి రోజు మామూలుగానే నడిచింది. ఎనిమిదో కుర్చీ ఆమె గొంతుకి మేడ కిటికీలు అదిరేవి. అందరూ మైకు అని పిలిచేవాళ్ళు.

"శేషం నాలుగూ!"

"మెల్లగా తల్లీ," అంది చిట్టి. "ఎదురు మేడలో వాళ్ళు కూడా రాసుకుంటున్నారు."

అందరూ నవ్వారు. గంట కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. సాయంత్రం దాకా సున్నా పడలేదు.

రెండో రోజు మైకు రాలేదు.

జ్వరమేమో అనుకున్నారు. పెద్దక్క లేచి నిలబడింది. "సార్, ఎనిమిదో మనిషి లేదు. లెక్క చెడుతుంది. ఆపేద్దామా?"

"సున్నా పడిందా?"

"ఇంకా మొదలే పెట్టలేదు కదండీ."

"మొదలుపెట్టండి. పడితే ఆపుదాం."

ఏడో ఆమె తన సన్నటి గొంతుతో శేషాలు చెప్పింది. నూట ముప్ఫై నాలుగు చీటీలు. ఒక్కటంటే ఒక్కటి సున్నా లేదు. పెద్దక్క ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళ పనిలో ఇలా ఎప్పుడూ జరగలేదు. చివరి అంకె లేకపోతే ఏ సంఖ్యకైనా రూపం మారాలి, ఏదో ఒకటి దాన్ని పట్టుకోవాలి. దీన్నేదీ పట్టుకోలేదు.

సాయంత్రం బల్ల తుడుస్తూ కుడివైపు చివరికి వెళ్ళింది. ఎనిమిదో కుర్చీ లేదు. కుర్చీ ఉండాల్సిన చోట గోడ ఉంది. కొత్త గోడ కాదు. చెమ్మ మరకలున్నాయి, తుప్పుపట్టిన మేకుంది, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టుంది. కొత్తగా మెత్తిన గచ్చు వాసన మాత్రం గుప్పున కొట్టింది. బల్ల ఆ గోడ దగ్గర ఆగిపోయింది. గాడి ఆగలేదు. గోడ అడుగున ఒక సన్నటి సందులోంచి లోపలికి పోతోంది.

మూడో రోజు ఏడో ఆమె కూడా లేదు. గోడ ఇంకో కుర్చీ మేర ఇవతలికి వచ్చింది. ఆరుగురు. పెద్దక్కకి ఒళ్ళు మండింది. పెన్సిలు బల్లకేసి కొట్టింది.

"లేవండే! అందరూ లేవండి. ఇద్దరిని తీసేశారు. మనం కూర్చుని చీటీలు తోసుకుంటున్నాం. ఏమనుకున్నాం ఆనాడు? ఒకరిని తీస్తే ఎనిమిదిమందీ లేస్తామనుకోలేదూ?"

ఎవరూ లేవలేదు. రెండో కుర్చీలో ఉండే పంతులమ్మ, పెళ్ళికి ముందు బళ్ళో చదువు చెప్పినావిడ, మెల్లగా అడిగింది.

"ఎవరిని తీశారక్కా?"

"మైకునీ, దాని పక్కనున్నదాన్నీ!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిట్టి లేచొచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళల్లో జాలి ఉంది. 

"మైకు ఎవరక్కా? మనం ఆరుగురమే కదా ఎప్పుడూ."

పెద్దక్క గంటవైపు చూసింది. ఆయన రిజిస్టరు తిప్పి చూపించాడు. ఆరు పేర్లు. ఆరు కుర్చీలు. బల్లకి అంటించిన కాయితం మీద మాత్రం ఎనిమిది అంకెలూ ఉన్నాయి, ఆవిడ ఒక్కదాని ముందే. అందుకేనేమో ఆవిడ ఒక్కతే మరిచిపోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం ముందు కూర్చుని ఆ సంఖ్యని తెగ్గోస్తూ చూసింది. ఏడు అంకెలు, ఆరు, ఐదు... ఎక్కడ కోసినా పగుల్లేదు. అప్పుడర్థమైంది. ఇది తన మనుషులు అక్కర్లేని సంఖ్య. చివర కూర్చున్నవాళ్ళు పోతే ముందున్నవాళ్ళకి నొప్పి తెలియదు. లెక్క తప్పదు, గంట మోగదు, ఎవరూ వెతకరు. తాము పదకొండు రోజులు ఏ బలంతో నిలబడ్డారో, ఆ బలం లేకుండా చేసే అంకెలివి. ఎవరు వెతికి పట్టుకున్నారో, ఎవరు పంపారో.

నాలుగో రోజు ఐదుగురు. చివర కోడలు. ఆ రోజు ఆమె అత్తగారి ఊసే ఎత్తలేదు. గోడ మోచేతికి తగులుతోంది. శేషం చెప్పి చీటీని గోడ సందులోకి తోసేసేది. తోసిన ప్రతిసారీ గోడ లోపల చప్పుడు... సర్ర్. కాసేపాగి, ఇంకాస్త దూరంగా... సర్ర్. మళ్ళీ... సర్ర్. పెద్దక్క లెక్కపెట్టింది. కోడలు తోశాక మూడుసార్లు. ఆరు, ఏడు, ఎనిమిది.

మధ్యాహ్నం వాన జోరందుకుంది. పాలరంగు కిటికీ అద్దాలు బూడిదరంగుకి మారాయి. కోడలు ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అక్కా," అంది గొంతు తగ్గించి. "నేను తోయడం లేదు. అవతల్నుంచి ఎవరో లాక్కుంటున్నారు."

"చెయ్యి పెట్టకు అందులో."

"పెట్టకపోతే చీటీ పోదు కదక్కా."

రేపటి నుంచి చివరి కుర్చీ చిట్టిది.

ఇంటికి పోయాక పెద్దక్క తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"రేపు నువ్వు పనికి రావద్దు."

"ఎందుకే? జీతం నువ్విస్తావా?" అంది చిట్టి జడ విప్పుకుంటూ.

"నవ్వకు. చెప్పింది విను."

"నేను రాకపోతే ఏమవుతుంది? సెలవు పెట్టిందంటారు. నా కుర్చీ ఖాళీగా ఉంటుంది. అంతేగా?"

 నిజమే. మైకు పోయినప్పుడు కూడా అందరూ జ్వరమేమో అనే అనుకున్నారు. ఖాళీ కుర్చీని గోడ తినేసింది. రాకపోయినా పోతుంది, వచ్చినా పోతుంది. ఇక మిగిలింది ఒకటే. పని ఆగాలి. పని ఆగాలంటే సున్నా పడాలి.

దొంగ సున్నా కుదరదు, గంట తిరగేసి చూస్తాడు. నిజం సున్నా పడాలి. పెద్దక్క రాత్రంతా పక్కమీద దొర్లింది. నాలుగు కుర్చీలు మిగిలితే సంఖ్య 7393. దాన్ని ఏదీ భాగించదు... అదొక్కటి తప్ప. తనని తానే భాగించుకుంటే ఏ సంఖ్యయినా నిశ్శేషంగా పోతుంది. 7393 అనే భాజకం పెట్టెలో ఉంది. దాని వంతు రావడానికి ఇంకో రెండు రోజులుంది. కానీ పెట్టెలో చెయ్యి పెట్టేది తనే కదా!

అది దొడ్డిదారి అని ఆవిడకి తెలుసు. తనని తాను కోసుకోవడం గెలుపెలా అవుతుంది? అయినా చెల్లెలి కోసం దొడ్డిదారేంటి, గోడ దూకమన్నా దూకుతుంది ఆవిడ.

ఐదో రోజు నలుగురు. పెద్దక్క, పంతులమ్మ, మూడో కుర్చీలో ఎప్పుడూ కళ్ళద్దాలు తుడుచుకునే ఒకామె, చిట్టి. చిట్టి భుజం గోడకి ఆనుకుని ఉంది.

పెద్దక్క పెట్టె అడుగున వేళ్ళు పెట్టి వెతికింది. చీటీ దొరికింది. పైకి చదివింది.

"ఏడు వేల మూడు వందల తొంభై మూడు."

ఏడు రాసి తోసింది. పంతులమ్మ డెబ్బై మూడు రాసి తోసింది. అద్దాలామె ఏడు వందల ముప్ఫై తొమ్మిది రాసి తోసింది. చిట్టి దాని పక్కన తన మూడు పెట్టుకుంది. పెన్సిలు ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"సున్నా!" అని అరిచింది. "సార్, సున్నా! సున్నా పడింది!"

అద్దాలామె చప్పట్లు కొట్టింది. గంట తలెత్తాడు. చెయ్యి గంట మీదికి పోయింది. పెద్దక్క ఆయన చేతినే చూస్తోంది. కొట్టు... కొట్టవయ్యా మహానుభావా...

ఆయన చెయ్యి గాల్లో ఆగింది.

"చివరిదాకా చూసే చెప్తున్నారా?"

"చివర నేనేగా సార్," అంది చిట్టి. అలవాటు కొద్దీ సున్నా చీటీని సందులోకి తోసేసింది.

గోడ లోపల సర్ర్ మంది.

తరవాత ఒక గొంతు. మెల్లగా. అత్తగారిని ఆడిపోసుకునే గొంతే అది, కానీ అందులో వెటకారం లేదు, చిరాకు లేదు, ఏమీ లేదు.

"తొమ్మిది."

సర్ర్.

"తొంభై ఒకటి."

సర్ర్.

"తొమ్మిది వందల పదమూడు."

సర్ర్... ఈసారి చాలాసేపు పట్టింది. అప్పుడు గోడ వెనకనుంచి, కిటికీలు అదిరేలా...

"శేషం వెయ్యీ ఏడు వందల నలభై!"

పెద్దక్క వేళ్ళ మీద గబగబా వేసి చూసింది. సరిగ్గా అంతే. మొత్తం ఎనిమిది అంకెల్నీ ఆ భాజకంతో భాగిస్తే మిగిలేది అంతే. ఒక్కటి కూడా తేడా లేదు.

గంట చెయ్యి దించాడు. రాసుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"శేషం ఉంది. తరవాతి చీటీ."

"సార్, ఆ గొంతు విన్నారా? మైకు గొంతది! గోడ వెనకుంది మనిషి!"

"తరవాతి చీటీ అమ్మా."

చిట్టి గోడకి చెవి ఆనించింది. ఆ పిల్ల మొహంలో భయం లేదు. మరిచిపోయిన పేరు నాలుక చివరికి వచ్చినప్పుడు ఉంటుందే, అలాంటి వెలుగు వచ్చింది.

"అక్కా... వీళ్ళిక్కడే ఉన్నారే. పక్కనే. మనకోసమే ఆగారు."

పెద్దక్క కుర్చీ తన్నేసి పరిగెత్తింది. చెల్లెల్ని రెక్క పట్టి ఇవతలికి లాగింది. తలుపు తీసుకుని, మెట్లు దిగి, వానలో తడుస్తూ ఇంటిదాకా ఆ చెయ్యి వదల్లేదు. రాత్రి చెల్లెలి మణికట్టు తన మణికట్టుకి చీర కొంగుతో ముడేసుకుని పడుకుంది.

"ఇదేం పిచ్చే నీకు," అని నవ్వింది చిట్టి. "చిన్నప్పుడు కూడా ఇంత పట్టుకోలేదు నువ్వు."

"నోర్మూసుకుని పడుకో."

తెల్లారింది. కొంగు రెండో చివర ముడి అలాగే ఉంది, మణికట్టు పట్టేంత గుండ్రంగా, ఖాళీగా. గదిలో ఒకటే మంచం. కొక్కేనికి ఒకటే గొడుగు. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు పెద్దక్కా రాత్రంతా?"

ఆరో రోజు ముగ్గురు. ఏడో రోజు ఇద్దరు. పంతులమ్మ చివరి చీటీ తోస్తూ పెద్దక్కవైపు చూసి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నుదురు ముడేసింది. గుర్తు రాలేదు. మర్నాడు ఆమె కూడా లేదు.

మరి పెద్దక్క పారిపోవచ్చు కదా, ఎందుకు వెళ్ళిందంటారా? ఎలా పారిపోతుంది? ఆ గాడికి అటు చివర చెల్లెలుంది. లోకంలో చిట్టి దగ్గరికి పోయే దారి అదొక్కటే, వేలు వెడల్పుది.

ఎనిమిదో రోజు గదిలో ఒకటే కుర్చీ. గోడ ఆవిడ కుడిచేతికి తగులుతోంది. చల్లగా ఉంది, తడిగా ఉంది. ఎదురుగా గంట, కలం పట్టుకుని. వాన ఆగిపోయింది. అసలు ఏ చప్పుడూ లేదు.

ఆవిడ ముందున్నది ఒక్క ఏడు. ఒక్కొక్క చీటీ తీసింది. ఏడు, ఏడు, ఏడు అని రాసి తోసింది. లోపల సర్ర్ మంటూ ఏడుసార్లు వినపడేది, చివర గోడ వెనకనుంచి మైకు గొంతు శేషం చెప్పేది, గంట రాసుకునేవాడు. నాలుగో కుర్చీ ఎక్కడుండేదో ఆ దూరం ఆవిడకి చెవులతోనే తెలుసు. మూడో సర్ర్ దగ్గర ప్రతిసారీ కళ్ళు మూసుకునేది. ఆ చప్పుడు చెల్లెలి చెయ్యిది.

సాయంత్రానికి పెట్టెలో ఆఖరి చీటీ మిగిలింది. ఎనిమిది వేల ఐదు వందల తొంభై ఏడు. దాని జవాబు ఆవిడ ముందురోజే ఇంట్లో చేసి పెట్టుకుంది. నాలుగు వేల తొమ్మిది వందల ముప్ఫై మూడు. అదొక్కటీ రాసుకుంటే గంట రిజిస్టరు మూసేస్తాడు. ఏదీ భాగించదని అచ్చవుతుంది. ఇక ఎవరూ ఆ గాడివైపు చూడరు. చిట్టి గోడలోనే ఉండిపోతుంది.

పెద్దక్క చీటీ మీద ఏడు రాయలేదు. ఇలా రాసింది.

*చిట్టీ, ఇంటికి రావే.*

మడిచి సందులోకి తోసింది.

సర్ర్.

సర్ర్.

సర్ర్...

ఆగిపోయింది. మూడో చప్పుడు దగ్గరే. చిట్టి చేతిలో.

గంట కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. కిటికీ అద్దాలు మెల్లగా నల్లబడుతున్నాయి. ఆవిడ చెవి గోడకి ఆనించింది. లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. ఒకరు కాదు. చాలామంది. ఏడుగురి కంటే చాలా చాలా ఎక్కువమంది.

"చిట్టీ..."

సర్ర్.

కుడివైపు కాదు. ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. ఎడమవైపు. ఏడు అంకెకి ముందు ఏ అంకే లేదు. మొదటి కుర్చీకి ముందు ఏ కుర్చీ లేదు, ఎప్పుడూ లేదు. గది అక్కడితో ఆఖరు. ఆ గోడ అడుగున ఇప్పుడు సన్నగా ఒక సందు ఉంది. అందులోంచి ఒక చీటీ బయటికి వస్తోంది... మెల్లగా... ఆవిడ ఎడమచేతి వేళ్ళకి తగిలేదాకా వచ్చి ఆగింది.

దాని మీద అంకెలు. 4933.

ఆ శేషం చెప్పాల్సింది మైకు. చేతిరాత చిట్టిది.

వస్తాననీ లేదు, రాననీ లేదు. ఆ చీటీ అందుకుంటే దాని పక్కన తన ఏడు పెట్టుకోవాలి. నలభై తొమ్మిది వేల మూడు వందల ముప్ఫై ఏడు. భాగారం మళ్ళీ మొదలవుతుంది. గొలుసు చుట్టూ తిరిగి కలుసుకుంటుంది. ఇక మొదలూ ఉండదు, చివరా ఉండదు, గంట ఎన్నటికీ మోగదు. తనూ అందులో ఒక కుర్చీ అయిపోతుంది. అందుకోకుండా ఆ శేషం పైకి చెప్పేస్తే గంట రాసుకుని రిజిస్టరు మూసేస్తాడు. ఆవిడ లేచి ఇంటికి పోవచ్చు. రేపు పొద్దున్న లేచేసరికి చిట్టి ఎవరో తనకి కూడా గుర్తుండకపోవచ్చు.

"తరవాత, అమ్మా?" అన్నాడు గంట.

ఆవిడ చీటీ అంచు పట్టుకుంది. రాలేదు. అవతల్నుంచి దాన్ని ఎవరో పట్టుకునే ఉన్నారు. గుంజడం లేదు, వదలడం లేదు. చెయ్యి పట్టుకుని వీధి దాటించమని నిలబడ్డ చిన్నపిల్లలా, ఊరికే పట్టుకుని ఉన్నారు. ఆ సందులో కనపడే వేలి కొస తడిగా ఉంది, గచ్చు అంటుకుని ఉంది. అది చెల్లెలి వేలో కాదో ఆ చీకట్లో తెలియడం లేదు.

మీరైతే లాగుతారా, వదిలేస్తారా?